ఆ అంకె ఏ ఊళ్లో పుట్టింది?

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం పొద్దున

అమ్మలూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ఆరు పేజీల్లో ‘చరిత్ర సృష్టించాడు’ తొమ్మిది చోట్ల ఉంది. ‘రికార్డు బద్దలు కొట్టాడు’ పధ్నాలుగు చోట్ల. కోపం తెచ్చుకోకు, లెక్కపెట్టడం నాకు పత్రిక డెస్కులో పనిచేసినప్పుడు అంటుకున్న జబ్బు. మీ నాన్న నిన్న ఫోన్ చేసి, “కాస్త మెచ్చుకో అన్నా, పిల్ల టెన్షన్ పడుతోంది” అన్నాడు.

మెచ్చుకోవాల్సింది ఉంది. క్రికెట్ గురించి రాసేవాళ్లు మనకు గల్లీకి నలుగురు. మంచు మీద స్పీడ్ స్కేటింగ్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు నచ్చింది. కానీ నువ్వు రాసింది వ్యాసం కాదు, పట్టిక. పేరు, దూరం, టైమింగ్. మళ్లీ పేరు, దూరం, టైమింగ్. రైల్వే టైంటేబుల్‌లో కనీసం ఊళ్ల పేర్లయినా ఉంటాయి. నీ దాంట్లో అవీ లేవు.

500 మీటర్లు, 33.61 సెకన్లు అని రాసి ముందుకెళ్లిపోయావు. రష్యా స్కేటర్ పావెల్ కులిజ్నికోవ్ 2019 మార్చిలో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో చేసిన ప్రపంచ రికార్డు టైమింగ్ అది. అక్కడే ఎందుకు? ఆ ఊరు సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైన ఉంది, గాలి పలచన. ఆ వేగంలో స్కేటర్ శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. నడుం అంతగా వంచేది అందుకే. దూరం పోటీల్లో చేతులు కూడా వీపు మీద పెట్టేసుకుంటారు. దానికి తోడు అది పైకప్పు ఉన్న హాలు, ఎదురుగాలి ఉండదు. కెనడాలోని కాల్గరీ కూడా వెయ్యి మీటర్ల పైనే. ప్రపంచ రికార్డులు చాలా ఏళ్లుగా ఎక్కువగా ఈ రెండు ఊళ్లలోనే పుడుతున్నాయి. డచ్చివాళ్లు ప్రాణం పెట్టే తియాల్ఫ్ ఓవల్ (అండాకారపు మంచు ట్రాక్) ఉన్న హీరెన్‌వీన్ దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది. మన హైదరాబాదు దానికంటే 500 మీటర్లు ఎత్తు. అంటే ఇక్కడ మంచు ఓవల్ ఒకటి ఉంటే హీరెన్‌వీన్ కంటే మనమే నయం! (ఇది మాత్రం వ్యాసంలో పెట్టకు. ఎవరైనా నిజంగానే టెండర్లు పిలుస్తారు.)

ఇక ఆ 33.61 మన పాఠకుడికి ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. లెక్క వేసి చూడు. నిలబడ్డ చోటు నుంచి మొదలుపెట్టి కూడా సగటున గంటకు 53 కిలోమీటర్లు దాటింది. ట్యాంక్‌బండ్ మీద ఆ వేగంతో పోయే బైకును తలచుకుని, బైకు తీసేసి మనిషిని మాత్రం ఉంచు. ఆ వేగంలో సెకనులో వందో వంతు అంటే 15 సెంటీమీటర్లు. కంపాస్ బాక్సులో పట్టే చిన్న స్కేలు ఉంటుందే, అంత. నీ పాఠకులందరూ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని పట్టుకున్నవాళ్లే.

వందో వంతు అంటే గుర్తొచ్చింది. 2023 హాంగ్‌జౌ ఏషియాడ్‌ను నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. చక్రాల స్కేటింగ్, మగవాళ్ల 3,000 మీటర్ల రిలే. కొరియా చివరి స్కేటర్ గెలిచేశాననుకుని గీత ముందే చేతులు పైకెత్తాడు. పక్కనే తైవాన్ కుర్రాడు కాలు ముందుకు చాపాడు. తైవాన్ 4 నిమిషాల 5.692 సెకన్లు, కొరియా 4 నిమిషాల 5.702 సెకన్లు. స్వర్ణం తైవాన్‌కు పోయింది. ఏషియాడ్‌లో స్వర్ణం గెలిస్తే కొరియా కుర్రాళ్లకు మామూలుగా చేయాల్సిన సైనిక సేవ తప్పుతుంది. చేతులెత్తిన ఆ క్షణం ఖరీదు అదన్నమాట. అదే రేసులో మూడో స్థానం ఎవరిదో తెలుసా? మనదే. కాంస్యం. నువ్వు మన కాంస్యాన్ని ఒక పేజీలో, ఆ చేతులెత్తడాన్ని ఇంకో పేజీలో పెట్టావు. రెండూ ఒకే రేసని నీకే తెలిసినట్టు లేదు.

నీ వ్యాసం అసలు ఎక్కడుందో చెప్పనా? నాలుగో పేజీలో, పక్కపక్కనే ఉన్న రెండు వరుసల్లో. 10,000 మీటర్లు: 2022 ఫిబ్రవరి, స్వీడన్‌కు చెందిన నిల్స్ వాన్ డెర్ పూల్, 12:30.74. 2025 జనవరి, ఇటలీకి చెందిన డేవిడే గియోట్టో, 12:25.69. ‘అయిదు సెకన్ల తేడాతో రికార్డు బద్దలు’ అని రాశావు. నిజమే. కానీ మొదటిది బీజింగ్‌లో, పల్లపు ఊళ్లో, ఒలింపిక్స్ ఒత్తిడిలో చేసింది. రెండోది కాల్గరీ పలచని గాలిలో. ఈ ఇద్దరిలో ఎవరిది పెద్ద పరుగు? రికార్డు పుస్తకం గియోట్టో అంటుంది, దానికి ఊళ్ల ఎత్తుతో పని లేదు. నన్నడిగితే వాన్ డెర్ పూల్ అంటాను. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఏదో ఒక పక్క నిలబడు. అతను వారానికి అయిదు రోజులు ఒళ్లు హూనం చేసుకుని సాధన చేసి, రెండు రోజులు సెలవు తీసుకునేవాడు. గెలిచాక ఆ సాధన వివరాలన్నీ రాసి, ఎవరైనా చదువుకోండని ఉచితంగా పెట్టేశాడు. పోటీదారులకు కూడా! ఈ మనిషిని నువ్వు ఆరు అంకెల మధ్య ఇరికించేశావు.

స్కేట్ల సంగతి నువ్వసలు ముట్టుకోలేదు. పాతరోజుల్లో బ్లేడు బూటుకు ముందూ వెనకా బిగించి ఉండేది. మడమ ఎత్తితే ముందు మొన మంచులో దిగేది, అందుకని కాలు పూర్తిగా చాచి నెట్టడానికి వీలుండేది కాదు. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు మునివేళ్ల దగ్గర ఒక కీలు పెట్టి మడమను వదిలేశారు. మడమ లేస్తుంది, బ్లేడు ఇంకాసేపు మంచును అంటుకునే ఉంటుంది, తర్వాత స్ప్రింగు లాగితే టప్‌మని వచ్చి తగులుతుంది. అచ్చం మన హవాయి చెప్పు. దాని పేరు క్లాప్ స్కేట్. దీన్ని నిషేధించాలన్నవాళ్లూ ఉన్నారు. 1994లో లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో నార్వే వీరుడు యోహాన్ ఒలావ్ కాస్ 10,000 మీటర్లు 13:30.55లో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1998 నాగానోలో, అందరి కాళ్లకూ ఈ చెప్పులు వచ్చాక, డచ్చి స్కేటర్ జానీ రొమ్మె టైమింగ్ 13:15.33. నాలుగేళ్లలో 15 సెకన్లు! అందులో కాళ్లది ఎంత, కీలుది ఎంత? రొమ్మె గొప్పవాడే, కానీ ఆ ప్రశ్న అడగకుండా అతన్ని పొగడకు.

ఒక తప్పు దిద్దాను చూడు. మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామాను రికార్డుల జాబితాలో చేర్చావు. 2010 గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌లో ఆయన తెచ్చిన రెండు కాంస్యాలు ఆర్టిస్టిక్ స్కేటింగ్‌వి. అక్కడ గడియారం కాదు, జడ్జీలు మార్కులు వేస్తారు. సొంత ఊరి మీద ప్రేమతో చేర్చావని తెలుసు. వేరే వ్యాసం రాయి, నేనే చదివి పెడతాను.

ఈ వారం ఒక పని చెయ్యి. పొద్దున్నే ఇందిరా పార్కు రింక్ దగ్గరికి రా. నేను వాకింగ్‌కు వస్తాను కాబట్టి నీకు తోడు. ఫోన్ జేబులో పెట్టేసి, మలుపులో పిల్లలు ఏ కాలు మీద బరువు వేస్తున్నారో చూడు. ఎడమ కాలి మీదుగా కుడి కాలు దాటించడం రానివాడు ఎలా వెనకబడతాడో చూడు. ఆ తర్వాత ఇంటికొచ్చి మొదటి పేజీ మళ్లీ రాయి. మిగతా అయిదు పేజీల సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: రెండో పేజీలో వాన్ డెర్ పూల్ టైమింగ్‌ను ‘12 గంటల 30 నిమిషాలు’ అని రాశావు. నేను నవ్వలేదు. 1994లో, రాత్రి డ్యూటీలో, కాస్ రికార్డును నేనూ ‘13 గంటల 30 నిమిషాలు’ అని రాశాను. పొద్దునకల్లా అలాగే అచ్చయింది. నాలుగు రోజులకు ఒక పాఠకుడి నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఒకటే ప్రశ్న: “అయ్యా, మధ్యలో భోజనానికి ఆపారా?”