తమ్ముడూ, ఆవిరి మిషన్ సంగతి తర్వాత, ముందు బ్లాడర్ సంగతి చూడు

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నిన్న మరదలు ఫోన్ చేసి నీ ప్రోస్టేట్ ఆపరేషన్ సంగతి చెప్పింది. రాత్రికి నాలుగైదుసార్లు లేస్తున్నావట. డాక్టరు దగ్గరికి నువ్వే బయల్దేరావని, తననీ వెంటబెట్టుకుని వెళ్లావని విన్నాక సగం దిగులు పోయింది. మన ఇంట్లో మగవాళ్లు ఈ బాధ గురించి నోరు విప్పిన పాపాన పోలేదు. నువ్వు విప్పావు. నాకెంతో గర్వంగా ఉంది. మిగతా సగం దిగులు ఎందుకంటే, ఆవిరితో చేసే రెజూమ్ తప్ప ఇంకేదీ వద్దని, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తానని, సోమవారం ఆఫీసుకు పోతానని పట్టుబట్టావట. ఫోన్లో చెబితే "సరే అక్కా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు.

మరదలు పంపిన స్కాన్ రిపోర్టు చూశాను. ప్రోస్టేట్, అంటే బ్లాడర్ (మూత్రాశయం) కింద మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి, 92 గ్రాములు. మామూలుగా ఉండాల్సింది 20, 25. దాని మధ్య భాగం, మధ్య లోబ్ అంటారు, బ్లాడర్లోకి పొడుచుకొచ్చింది. నువ్వు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక కూడా లోపల 210 మిల్లీలీటర్ల మూత్రం మిగిలిపోతోంది. నాకు భయం పుట్టించింది ఈ చివరి అంకే. పైగా నీకు షుగర్.

నాన్న సంగతి నీకు పూర్తిగా తెలియదు, అప్పుడు నువ్వు పుణెలో ఉన్నావు. గూడూరు నుంచి పెరంబూరులో మా ఇంటికి వచ్చినప్పుడల్లా బాత్రూమ్‌లోకి వెళ్లగానే ముందు కొళాయి తిప్పేవాడు. బకెట్లో నీళ్లు పడే చప్పుడు హాల్లోకి వినపడేది. తనకు బొట్టుబొట్టుగా వస్తోందని ఎవరికీ తెలియకూడదని ఆ ఏర్పాటు. సాయంత్రం ఆరు దాటితే గుక్కెడు మంచినీళ్లు ముట్టేవాడు కాదు. పంచె తడిగా కనిపిస్తే చెంబు ఒలికిందనేవాడు. కూతురు చూస్తే యూరాలజీ వార్డులో నర్సు, రోజూ ఇలాంటి పెద్దవాళ్లకే మూత్రం సంచులు మార్చి ఇంటికొచ్చేది. ఆ కూతురితో చెప్పడానికే ఆయనకు సిగ్గు. ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొచ్చాడు.

పిన్ని కొడుకు పెళ్లికి ముందు జలుబు చేస్తే మందుల షాపులో బిళ్ల కొని వేసుకున్నాడు. ముక్కు దిబ్బడకు ఇచ్చే బిళ్లల్లో కొన్ని ప్రోస్టేట్ ఉన్నవాళ్లకు మూత్రాన్ని బిగబట్టేస్తాయి, నువ్వూ జాగ్రత్త. ఆ రాత్రి ఒక్క చుక్క రాలేదు. పొత్తికడుపు మీద చెయ్యి వేయనివ్వలేదు. ట్యూబ్ వేస్తే లీటరు పైనే వచ్చింది. అంత పట్టిందంటే ఆ బ్లాడర్ ఎన్నాళ్లుగా సాగుతూ వచ్చిందో ఆలోచించు. తర్వాత టీయూఆర్‌పీ చేశారు. మూత్రనాళంలోంచి పరికరం పంపి, అడ్డొచ్చిన గ్రంథిని లోపల్నుంచి చెక్కి తీయడం అది. ఆపరేషన్ బాగానే జరిగింది, దారి తెరుచుకుంది. ట్యూబ్ తీశారు, మూత్రం రాలేదు. మళ్లీ వేసి, కొన్నాళ్లాగి తీశారు. అప్పుడూ రాలేదు. అడ్డం పోయింది కానీ, బయటికి తోసే కండరంలో సత్తువ లేదు. చివరిదాకా ట్యూబుతోనే ఉన్నాడు నాన్న. గుడికి వెళ్లడం మానేశాడు. చుట్టాలొస్తే సంచిని పంచె మడతలో దాచుకుని కూర్చునేవాడు.

అందుకని నిన్ను అడిగేది ఒక్కటే. ఏ ఆపరేషనో తేల్చుకునే ముందు యూరోఫ్లో, అంటే మూత్రం ఎంత వేగంగా వస్తోందో కొలిచే పరీక్ష, చేయించుకో. షుగర్ వల్ల బ్లాడర్ నరాలు కూడా దెబ్బతింటాయి కాబట్టి బ్లాడర్ కండరం బలం చూసే యూరోడైనమిక్స్ పరీక్ష అవసరమా అని డాక్టర్ని నోరు తెరిచి అడుగు. కండరం బలహీనంగా ఉందని ముందే తెలిస్తే ఏం ఆశించాలో తెలుస్తుంది. ఆపరేషనే వద్దనుకుని వాయిదా మాత్రం వేయకు.

ఆవిరి పద్ధతి చెడ్డదని నేననను. 9 సెకన్ల చొప్పున గ్రంథిలోకి ఆవిరి పంపుతారు, ఆ భాగం చచ్చి మెల్లగా కరిగిపోతుంది. పూర్తి ఫలితానికి మూడు నెలలు పట్టొచ్చు. ముందు వాపు వస్తుంది కాబట్టి కొన్ని రోజులు ట్యూబ్ ఉంచుతారు, నీ సోమవారం ఆఫీసు కుదిరే పని కాదు. అమెరికాలో 2015లో దానికి అనుమతి ఇచ్చింది 30 నుంచి 80 గ్రాముల వాటికి. నీది దాటింది. క్లిప్పులతో పక్కకు లాగి పట్టే యూరోలిఫ్ట్ కూడా ఇంత మధ్య లోబ్ ఉన్నవాళ్లకు అంతగా నప్పదు.

నీ సైజుకు హోలెప్ అనే లేజర్ ఆపరేషన్ గురించి అడుగు. న్యూజిలాండ్‌లో 1990ల్లో మొదలైంది. లేజర్‌తో లోపలి గ్రంథిని బత్తాయి తొనల్ని తొక్కలోంచి ఒలిచినట్టు తీస్తారు, ఎంత పెద్దదైనా పనికొస్తుంది. తీసిన ముక్క బయాప్సీకి వెళ్తుంది, ఆవిరిలో ఆ అవకాశం లేదు. అయితే చెయ్యి తిరగడానికి చాలాకాలం పట్టే ఆపరేషన్ ఇది. "మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారు సార్?" అని అడుగు, మంచి డాక్టరు తప్పుగా అనుకోడు. కొందరికి కొన్ని వారాలు దగ్గినా తుమ్మినా చుక్కలు పడతాయి. వేడి లేకుండా సెలైన్ ధారతో చేసే ఆక్వాబ్లేషన్ కూడా పెద్ద సైజుకు చేస్తారు, అందులో రక్తస్రావం మీద కన్నేసి ఉంచాలి. పాతదని టీయూఆర్‌పీని తీసిపారేయకు. నాన్న రోజుల్లో ఆపరేషన్ చేస్తూ లోపల కడగడానికి వాడే గ్లైసిన్ నీళ్లు ఒంట్లోకి ఎక్కి సోడియం పడిపోతుందేమోనని, పేషెంట్ తికమకగా మాట్లాడుతున్నాడా అని మేం గమనిస్తూ ఉండేవాళ్లం. ఇప్పుడు బైపోలార్ రకం టీయూఆర్‌పీలో సెలైనే వాడతారు, ఆ భయం పోయింది.

ఇంకో మాట, అక్క రాయాల్సింది కాదనుకోకు. హోలెప్, టీయూఆర్‌పీ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాక వెనక్కి, బ్లాడర్లోకి పోతుంది. ప్రమాదం లేదు, మూత్రంతో వెళ్లిపోతుంది. ఆవిరి, క్లిప్పుల పద్ధతుల్లో ఇది చాలా తక్కువ, ఆక్వాబ్లేషన్‌లోనూ తక్కువే. నీకు అదే ముఖ్యమైతే డాక్టరుతో చెప్పు, మరదలితోనూ మాట్లాడు. వార్డులో ఈ సంగతి ఆపరేషన్ అయ్యాక తెలిసి ముఖం వేలాడేసుకున్నవాళ్లను ఎంతమందినో చూశాను.

గుండెకు వేసుకునే, రక్తం గడ్డకట్టనివ్వని క్లోపిడోగ్రెల్ నీ అంతట నువ్వు మానేయకు, గుండె డాక్టర్ చెప్పినట్టే ఆపు. ప్రోస్టేట్ సైజు తగ్గించే డ్యూటాస్టెరైడ్ వాడుతున్నావని డాక్టరుకు గుర్తుచెయ్యి, దానివల్ల పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) అంకె సగానికి తగ్గి కనిపిస్తుంది. మూత్రం సులువుగా రావడానికి ఇచ్చే టామ్‌సులోసిన్ వాడిన సంగతి రేపు కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్లినా చెప్పాలి.

ఇంటికొచ్చాక మలబద్ధకం రానివ్వకు, బరువులెత్తకు, బైక్ ముట్టుకోకు. పది, పదిహేను రోజులప్పుడు లోపలి చెక్కు రాలి మూత్రం మళ్లీ ఎర్రగా రావచ్చు. నీళ్లు బాగా తాగితే చాలావరకు తగ్గుతుంది. రక్తపు గడ్డలు పడుతున్నా, మూత్రం ఆగిపోయినా హాస్పిటల్‌కి పరుగెత్తు.

డేట్ ఖాయం కాగానే చెప్పు, బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో ముందురోజే వచ్చేస్తాను. సంచి నేను మారుస్తాను, మొహమాటపడితే చెవి మెలేస్తాను. నీ చిన్నప్పటి గుడ్డలు ఉతికిన చేతులే ఇవి. యూరోఫ్లో కాగితం రాగానే ఫోటో పంపించు.

మీ అక్క
పెరంబూరు, చెన్నై