ఎక్కువ పేపర్లలో వాడారని యాంటీబాడీ కొనకండి

కొత్తగా పీహెచ్‌డీలో చేరారు, మీ ప్రొటీన్‌ను గుర్తించి అతుక్కునే యాంటీబాడీలు కేటలాగుల్లో ముప్పై కనిపిస్తున్నాయి, ఎక్కువ పేపర్లలో వాడినదే తెప్పించుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నేను అలాగే చేసి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

బెంగళూరులో మా ల్యాబ్‌కు ఆ యాంటీబాడీ చేరడానికే ఆరు వారాలు పట్టింది. మొదటి వెస్టర్న్ బ్లాట్‌లోనే (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి, కావలసినదాన్ని యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) 55 కిలోడాల్టన్ల దగ్గర శుభ్రంగా ఒకే బ్యాండ్. ప్రొటీన్ సైజూ అంతే. దాని మీదే పోస్టర్ కూడా వేశాను. పక్క ల్యాబ్‌లో మా గుంటూరు అక్క ఒకావిడ ఉండేది. "నాకౌట్ సెల్స్ పక్క లేన్‌లో వేసి చూశావా?" అంది. వేశాను. ఆ ప్రొటీన్ జీన్ తీసేసిన ఆ నాకౌట్ కణాల్లోనూ అదే బ్యాండ్, అంతే మందంగా! ఇన్నాళ్లూ నేను చూసింది వేరే ప్రొటీన్‌ని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ముందు యాంటీబాడీలను పరీక్షించే ఇకారస్ సంస్థ రిపోర్టులు చూడండి (ఇంగ్లిష్‌లో YCharOS అని రాస్తారు). ఒకే ప్రొటీన్‌కు దొరికే యాంటీబాడీలను మామూలు కణాల మీద, నాకౌట్ కణాల మీద పక్కపక్కన పరీక్షించి ఫలితాలు ఉచితంగా పెడతారు. 2023లో వాళ్లు 65 ప్రొటీన్లకు 614 యాంటీబాడీల ఫలితాలు ప్రచురించారు. అసలు ప్రొటీన్‌నే పట్టని యాంటీబాడీలు వాడిన పేపర్లు ఒక్కో ప్రొటీన్‌కు సగటున పన్నెండు దాకా తేలాయి. జీన్ సీక్వెన్స్ నుంచి ల్యాబ్‌లో తయారుచేసే రీకాంబినెంట్ రకాలు మిగతావాటికన్నా మెరుగ్గా పనిచేశాయి. జంతువు రక్తం నుంచి తీసే, అనేక యాంటీబాడీల మిశ్రమమైన పాలీక్లోనల్ అయితే లాట్ (తయారీ బ్యాచ్) మారితే గుణమూ మారొచ్చు.

మీ ప్రొటీన్ అందులో లేకపోతే సైట్‌ఆబ్‌లో (CiteAb, ఏ యాంటీబాడీని ఏ పేపర్లలో వాడారో చూపే సైట్) వెతకండి. అక్కడ కనిపించే పేపర్ల లెక్క వాడకానికి గుర్తే గానీ నాణ్యతకు కాదు. ఆ పేపర్లు తెరిచి, మీరు చేయబోయే ప్రయోగంలోనే నాకౌట్ కంట్రోల్ చూపించారా అని చూడండి. బ్లాట్‌లో పనిచేసింది ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో (కణంలో ప్రొటీన్‌ను మెరిసే రంగుతో చూసే పద్ధతి) పనిచేయాలని లేదు. స్వీడన్‌లో 2003లో మొదలైన హ్యూమన్ ప్రొటీన్ అట్లాస్‌లో ఏ సెల్ లైన్‌లో మీ జీన్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువో, ఎందులో దాదాపు లేదో తెలుస్తుంది. ఆ రెండూ తెచ్చి పక్కపక్క లేన్లలో నడిపితే సగం టెన్షన్ తగ్గుతుంది. యాంటీబాడీ రిజిస్ట్రీలోని ఆర్‌ఆర్‌ఐడీ నంబరు (ఒక్కో యాంటీబాడీకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), లాట్ నంబరు మొదటి రోజే నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆర్డర్ పెట్టే ముందు మీ క్యాంపస్‌లో అదే యాంటీబాడీ ఎవరి ఫ్రీజర్‌లోనైనా ఉందేమో అడగండి. ఐదు మైక్రోలీటర్లు ఇచ్చినా ఒక బ్లాట్‌కు సరిపోతుంది.