పాత మానిటర్ కొనేముందు వీపు తడిమి చూడండి

ప్రశ్న: లాప్‌టాప్‌కి తోడుగా 24 అంగుళాల మానిటర్ కావాలి. తెలిసినవాళ్ల దగ్గర ఐదేళ్లు వాడినది ఒకటుంది. అదే వయసుది షాపులో 'రీఫర్బిష్డ్, గ్రేడ్ ఎ' అని అమ్ముతున్నారు, ధర కాస్త ఎక్కువ. ఏది తీసుకోమంటారు?

జవాబు: గ్రేడ్ అన్నది ముఖ్యంగా పైరూపానికి వేసే మార్కు. ఎ అంటే గీతలు పెద్దగా లేవని, బి అంటే అక్కడక్కడా ఉన్నాయని. అందరూ పాటించే కొలత కూడా ఏమీ లేదు, ఒక షాపులో ఎ అయినది పక్క షాపులో బి కావచ్చు. ఆ అక్షరానికి డబ్బు కట్టకండి, వాపసు గడువుకీ వారంటీకీ కట్టండి. షాపువాళ్లను మూడు సంగతులు అడగండి. లోపల ఏమైనా మార్చారా, లేక తుడిచి పరీక్షించి పెట్టారా? చెడిన పిక్సెళ్లు (తెర మీద బొమ్మను కూర్చే చుక్కలు) ఎన్ని ఉంటే వెనక్కి తీసుకుంటారు? వారంటీ ప్యానెల్‌కి, అంటే అసలు తెరకి కూడా వర్తిస్తుందా? మూడోదానికి నీళ్లు నమిలితే తెలిసినవాళ్ల దగ్గరిదే నయం. కనీసం దాన్ని ఎలా వాడారో తెలుస్తుంది.

వయసు కన్నా వాడిన గంటలు ముఖ్యం. రోజుకు పది గంటలు, వారానికి ఐదు రోజుల లెక్కన ఆఫీసు మానిటర్ ఐదేళ్లలో 13,000 గంటలు వెలుగుతుంది. సీసీ కెమెరాలకు తగిలించి రాత్రింబవళ్లు ఉంచింది ఏడాదిన్నరకే ఆ అంకె దాటేస్తుంది. ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ (తెర వెనక నుంచి వెలుగిచ్చే దీపాలు) ఆయుష్షు అంటే ఆరిపోయేదాకా కాదు, వెలుగు సగానికి పడిపోయేదాకా. ఐజో (EIZO) కంపెనీ మానిటర్లు ఎంతసేపు వాడారో మెనూలోనే చూపిస్తాయి. చాలావాటికి వెనక స్టిక్కర్ మీద తయారీ నెల, సంవత్సరం చూసి లెక్క కట్టుకోవాల్సిందే.

2010కి ముందువాటిలో చాలావరకు ఎల్‌ఈడీలకు బదులు సన్నటి ఫ్లోరసెంట్ గొట్టాలుంటాయి. ఆన్ చేయగానే తెర గులాబీ ఛాయలోనో పసుపుగానో కనిపించి, మెల్లగా తెల్లబడుతుంటే ఆ గొట్టాలు అరిగాయన్నమాట. ఊరికే ఇచ్చినా వద్దు.

ప్రశ్న: చూడ్డానికి వెళ్తున్నాను. ఏం పట్టుకెళ్లాలి, ఏ వరసలో చూడాలి?

జవాబు: మీ లాప్‌టాప్, ఇంట్లో వాడబోయే కేబుల్, ఒక టార్చి. లాప్‌టాప్‌లో తెర నిండా ఒకే రంగుండే బొమ్మలు ఆరు చేసి పెట్టుకోండి: నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నడిమి బూడిద. లాప్‌టాప్‌లోని పెయింట్ ప్రోగ్రామ్‌లో ఐదు నిమిషాల పని.

వెళ్లగానే ఆన్ చేయమనకండి. వెనక, గాలి రంధ్రాల దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే ఎవరో వెలిగించి ఉంచారు. అది మర్యాదా కావచ్చు, మర్మమూ కావచ్చు. ప్లగ్ తీయించి అరగంట ఆగండి. పాత మానిటర్లో తెర కన్నా ముందు దెబ్బతినేవి చాలాసార్లు పవర్ బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లే (కరెంటు నిలవ చేసే చిన్న డబ్బాలు). వేడికి లోపలి ద్రవం ఎండేకొద్దీ వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు మరీను. అలాంటి మానిటర్ మొదట మినుకుమినుకుమంటుంది, లేదా రెండు సెకన్లు బొమ్మ చూపి ఆరిపోతుంది. నాలుగైదుసార్లు బటన్ నొక్కితే గానీ దారికి రాదు. ఒకసారి వేడెక్కిందంటే రోజంతా బుద్ధిగా పనిచేస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు చూడమనేది.

తర్వాత రంగులు. నలుపు మీద వెలిగే చుక్క ఇరుక్కుపోయిన పిక్సెల్, తెలుపు మీద నల్లచుక్క చచ్చిన పిక్సెల్. మూలన ఒకటుంటే బేరానికి పనికొస్తుంది, నడిమధ్యన ఉంటే రోజూ కంట్లో నలుసే. అన్నిటికన్నా ఎక్కువ నిజాలు చెప్పేది బూడిద తెర. అడుగున టాస్క్‌బార్ నీడో, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గళ్ల అచ్చో కనిపిస్తే దాని పాత కొలువేమిటో తెలిసిపోతుంది. ఎల్‌సీడీలో ఈ నీడ కొన్నిసార్లు వాడుకలో తగ్గుతుంది. బ్యాక్‌లైట్ లేకుండా ప్రతి పిక్సెలూ తానే వెలిగే ఓఎల్‌ఈడీలో అరిగింది పిక్సెలే కాబట్టి పూర్తిగా పోదు.

గది చీకటి చేసి నలుపు తెరను మళ్లీ చూడండి. ఐపీఎస్ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్ మూలల్లో కొంత మెరుపు సహజం, మీరు తల కదిపితే అదీ మారుతుంది. ఎటు నుంచి చూసినా అలాగే ఉండే తెల్లమచ్చ మాత్రం బ్యాక్‌లైట్ కారడమే, ఎక్కువగా ఫ్రేమ్ ఒత్తిడి వల్ల వస్తుంది. మెనూలో బ్రైట్‌నెస్ 100లో ఉండి కూడా మామూలు గదిలో తెర మందకొడిగా ఉందంటే బ్యాక్‌లైట్ పని అయిపోవచ్చింది. అరగంట వెలగనిచ్చి, ఈలోగా అన్ని పోర్టులూ బటన్లూ చూడండి.

ప్రశ్న: 27 అంగుళాలది చవకగా వస్తోంది. రిజల్యూషన్ 1920×1080. అడాప్టర్, స్టాండ్ లేవు. ఫర్వాలేదా?

జవాబు: స్టాండ్ పెద్ద సమస్య కాదు. వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు మర రంధ్రాలుంటే మామూలు మానిటర్ ఆర్మ్ సరిపోతుంది, స్క్రూలు ఎమ్4. ఆ రంధ్రాలు లేకపోతే వదిలేయండి. అడాప్టర్‌కి స్టిక్కర్ మీది వోల్టేజీ అచ్చంగా కలవాలి: కొన్నిటికి 12, కొన్నిటికి 14, మరికొన్నిటికి 19 వోల్టులు. ఆంపియర్లు రాసినదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు, తక్కువ కూడదు. పిన్ను దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, ప్లస్ మైనస్ గుర్తూ కలవాలి.

అసలు చిక్కు రిజల్యూషన్‌తోనే. 27 అంగుళాల మీద 1920×1080 అంటే అంగుళానికి 82 పిక్సెళ్లు, అదే 24 మీద 92. సినిమాలకు సరే, రోజంతా అక్షరాలు చదివేవాళ్లకు అంచులు గరుకుగా కనిపిస్తాయి. ఈ సైజుకు 2560×1440 వెతకండి. 4కె (3840×2160) అయితే పోర్టు చూసుకోండి: హెచ్‌డీఎమ్‌ఐ 1.4 మీద 30 హెర్ట్జ్, అంటే సెకనుకు 30 బొమ్మల దగ్గరే ఆగుతుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 రావాలంటే హెచ్‌డీఎమ్‌ఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ మానిటర్లోనూ లాప్‌టాప్‌లోనూ ఉండాలి.

ప్రశ్న: తెర మీద ఒక నిలువు గీత ఉంది. కేబుల్ మారిస్తే పోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: మానిటర్ సొంత మెనూ తెరిచి, వీలుంటే దాన్ని గీత మీదకు జరపండి. ఆ మెనూ కేబుల్ గుండా రాదు, మానిటర్లోనే తయారవుతుంది. గీత మెనూని కూడా కోసుకుంటూ పోతే తప్పు కేబుల్‌ది కాదు. ఎక్కువగా ప్యానెల్ అంచున అతికించే సన్నటి ఫ్లెక్స్ పట్టీ ఊడటం వల్ల వస్తుంది. అంచు నొక్కితే గీత కాసేపు మాయమవుతుంది, అమ్మేవాళ్లు చూపించేది ఆ కాసేపే. దాన్ని మళ్లీ అతికించడానికి ప్రత్యేక యంత్రం కావాలి, ఆ ఖర్చు మానిటర్ ధరను మించిపోతుంది.

పవర్ లైటు వెలుగుతూ తెర నల్లగా ఉన్నవాటికి టార్చి. ఏటవాలుగా వేసి దగ్గరగా చూస్తే బొమ్మ మసగ్గా కనిపిస్తే ప్యానెల్ బతికే ఉంది, పోయింది బ్యాక్‌లైటో దానికి కరెంటిచ్చే భాగమో. మరమ్మతు చేసేవారికి పనికొచ్చే సరుకే గానీ మీరు విప్పకండి. పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీసేసిన తర్వాత కూడా షాక్ కొట్టగలదు.