వెన్నులో మత్తు సూదికి అంతలా వంగడం ఎందుకు?

సిజేరియన్‌కు ముందు నిండు గర్భిణిని అంతలా వంగమని ఎందుకు ఒత్తిడి చేస్తారు, మత్తు సూది కూర్చుని తీసుకోవడం మేలా, పడుకునా అని అడిగారు. థియేటర్‌లో ఆ సమయానికి తల్లుల భుజాలు పట్టుకుని నిలబడే నర్సును కాబట్టి గట్టిగానే చెబుతాను: సూది పట్టిన చేయి కన్నా వీపు వంపే ముఖ్యం.

నిండు నెలల్లో నడుము మామూలు కన్నా లోపలికి వంగి ఉంటుంది. అప్పుడు వెన్నుపూసల వెనుక ఎముకలు దగ్గరకు చేరి సూదికి దారి ఇవ్వవు. నడుమును వెనక్కి గుండ్రంగా తోస్తే విసనకర్ర విప్పినట్లు సందులు తెరుచుకుంటాయి. పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. సూది వెళ్లేది అంతకన్నా కింద, 3–4 లేదా 4–5 పూసల మధ్య.

చాలామందికి ‘వంగండి’ అంటే తుంటి దగ్గర వంగడమే తెలుసు. తల ముందుకు వస్తుంది, నడుము మాత్రం కర్రలా ఉంటుంది. ఒక అమ్మాయికి అలాగే అయింది. తొలి కాన్పు, నొప్పులు ఆగి ఆగి వస్తున్నాయి. టేబుల్ ఎత్తుగా ఉండి కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి. సూది పెట్టిన ప్రతిసారీ ఎముకే తగులుతోంది. వెనక నుంచి ‘వంగు, వంగు’ అని అరుపులు. నేను పాదాల కింద స్టూలు జరిపి, ఒడిలో దిండు పెట్టి, నొప్పి తగ్గేవరకు ఆగమన్నాను. తర్వాత నడుము మీద అరచేయి ఆనించి, “అమ్మా, నా చేతిని నీ నడుముతో వెనక్కి తోయి, గడ్డం కిందికి దించు” అన్నాను. తోసింది. మత్తు డాక్టరుగారి సూది ఈసారి ఎక్కడా ఆగలేదు. సూది మొదలులో వెన్నులోని తేటనీటి బొట్టు కనిపించింది, అంటే సరైన చోటికి చేరినట్టే.

స్టూలు, దిండు, నాలుగు మంచి మాటలు! వీటికి ఖర్చేముంది? ఎనిమిదో నెల చెకప్‌లోనే ఈ భంగిమ నేర్పించవచ్చు. ఎవరూ నేర్పరు. పైగా ఇంట్లో పెద్దవాళ్లు ‘వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుము నొప్పే’ అని భయపెట్టి పంపుతారు. ఆ భయంతోనే నడుము బిగుసుకుంటుంది. సూది గుచ్చినచోట కొద్దిరోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పిని ఆ సూది మీదికి తోయకండి. గర్భంతో సాగిన కండరాలు, వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తుకోవడం ఎవరికీ గుర్తు రావు.

సూది తీశాక కూడా భంగిమదే పెత్తనం. మందులో సాధారణంగా డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర కలిపి ఉంటుంది కాబట్టి అది వెన్నులోని నీటి కన్నా బరువు. కూర్చోబెట్టి ఆలస్యం చేస్తే కిందికే దిగుతుంది. అందుకే వెంటనే పడుకోబెడతాం. వెల్లకిలా ఉన్నప్పుడు నడుము ఎత్తు, వీపు నడిభాగం పల్లం కావడంతో మందు అటు జారి, తిమ్మిరి ఛాతీ దాకా పాకుతుంది. బరువైన గర్భసంచి పెద్ద రక్తనాళాలను నొక్కకుండా కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమకు వాలుస్తాం.

ఇక కూర్చునా, పడుకునా అంటే, కూర్చునే. ముఖ్యంగా ఒళ్లు ఉన్నవాళ్లలో వెన్ను నడిగీత అలాగే తేలికగా దొరుకుతుంది. కళ్లు తిరుగుతున్నా, బిడ్డ కన్నా ముందే బొడ్డుతాడు కిందికి జారినా మాత్రం పక్కకు పడుకోవాల్సిందే. అప్పుడు కూడా మోకాళ్లు పొట్టవైపు ముడుచుకుని, నడుమునే వెనక్కి తోయండి.