రిజిస్టర్ వీలునామా అయినా అడగొచ్చు

అక్కా, చంద్రగిరి దగ్గరి పొలం మొత్తం నాన్నగారు తమ్ముడి పేర రిజిస్టర్ వీలునామా రాశారు, ఇక చేసేదేం లేదన్నారు కదా. అలా ఏం కాదు. ముందు ఆ పొలం తాతల నాటిదా, నాన్న కొన్నదా చూడండి. తాతలదై, 2004 డిసెంబర్ 20కి ముందే పంపకాలు జరిగి ఉండకపోతే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో మీకు పుట్టుకతోనే వాటా ఉంది. ఆయన తన వాటా వరకే రాయగలరు. స్వార్జితమైతే ఆయన ఇష్టం, కేసు కాస్త కష్టమే. అయినా వీలునామా నిజమని నిరూపించాల్సింది తమ్ముడే. దాని మీద సాక్షి సంతకం చేసి బతికున్నవాళ్లలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి, రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు. సంతకం నాటికి నాన్నగారు మంచంలో ఉన్నారన్నారు; తెలివితోనే రాశారా అని ప్రశ్నించడానికి ఆ ఆస్పత్రి కాగితాలు పనికొస్తాయి, జాగ్రత్త!

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామా నకలు, ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీసుకోండి. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయొద్దని తహసీల్దారుకు ఈ వారమే అర్జీ ఇవ్వండి. తర్వాత కోర్టులో పార్టిషన్ (పంపకాల) దావా, దాంతోపాటు తమ్ముడు పొలం అమ్మకుండా ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) అడగండి. ఈలోగా పెద్దమనుషులు తెచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.