బొమ్మకు చీర కడితే సరిపోదు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు నిన్న రాత్రి పూర్తిగా చదివాను. సంభాషణలు రాయడంలో నీ చెయ్యి బాగా తిరిగింది. అయితే పిల్లల కోసం తీసిన విదేశీ టీవీ బొమ్మల కార్యక్రమాన్ని ఒడిశాలోని మన గజపతి, రాయగడ జిల్లాల పిల్లలకు తగ్గట్టు మార్చమంటే నువ్వు చేసిందేమిటి? యాపిల్ తీసేసి పనసపండు పెట్టావు. టోపీ తీసి తలపాగా చుట్టావు. కథ మాత్రం ఉన్నచోటనే ఉంది.

లెక్కల ఘట్టమే తీసుకో. నీ పాప సంతకు వెళ్లి "ఐదు టమాటాలివ్వండి" అంటుంది. గుణుపురం సంతలో టమాటాలు లెక్కపెట్టి అమ్మేదెవరమ్మా? కొండ దిగివచ్చిన సవర తెగ ఆడవాళ్లు గోనెపట్టా పరిచి కుప్పలు పోసి కూర్చుంటారు. కుప్పకింత అని ధర. కొనేవాళ్లు ఏ కుప్ప పెద్దదో కళ్లతోనే తూచి, బేరమాడి, పైన ఒకటో రెండో కొసరు వేయించుకుంటారు. అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ ఐదేళ్ల పిల్లకు అక్కడ ఎంత లెక్క ఉందో చూడు. ఏది ఎక్కువ, ఏది తక్కువ? కొసరుతో కలిపి ఎన్ని? పెద్దవి నాలుగు మేలా, చిన్నవి ఏడు మేలా? నువ్వు సంతను వెనక తెరగా వేలాడదీసి, లెక్కను మాత్రం పరాయి దేశపు కొట్టులోనే వదిలేశావు.

బొమ్మలతో పిల్లలకు పాఠాలు చెప్పే టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్ అమెరికాలో 1969 నవంబరులో మొదలైంది. 1972కే మెక్సికోలో దాని స్థానిక రూపం ప్లాజా సెసమో వచ్చింది. జర్మనీ 1973లో మొదలుపెట్టినప్పుడు చాలావరకు అమెరికా భాగాలకే జర్మన్ గొంతులు పెట్టింది. బవేరియా ప్రసార సంస్థ వాటిని వేయనే లేదు. 1978లో గానీ సామ్సన్ అనే ఎలుగుబంటితో వాళ్లకు సొంత సెట్టు రాలేదు. బంగ్లాదేశ్ రూపమైన సిసింపూర్‌లో హాలుమ్ అనే పులికి చేపలంటే ప్రాణం. ఇంతవరకూ నువ్వూ వచ్చావు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

దక్షిణాఫ్రికావారు 2002లో కామీ అనే ఐదేళ్ల పాత్రను తెచ్చారు. ఆ బొమ్మకు హెచ్.ఐ.వి. ఉంది, తల్లి లేదు. అక్కడి పిల్లలు ఇంట్లో, పక్కింట్లో రోజూ చూస్తున్న కష్టం అది. అఫ్గానిస్థాన్‌లో 2016లో జారీ అనే అమ్మాయి వచ్చింది. మరుసటి ఏడాది ఆమెను చూసి మురిసిపోయే తమ్ముణ్ణి కూడా తెచ్చారు. మగపిల్లలకు చెప్పాల్సింది అతని ద్వారా చెప్పించారన్నమాట. మన దేశంలో 2006లో ఇదే కార్యక్రమం గలీ గలీ సిమ్ సిమ్ పేరుతో మొదలైనప్పుడు అందులోని చమ్‌కీ అనే పాప బొమ్మకు పట్టులంగా కట్టలేదు, బడి యూనిఫాం వేశారు. ఆలోచించి వేసిన బట్టలవి.

ఇప్పుడు నీ సవర పిల్లవాడి దగ్గరికి రా. వాడు వచ్చినప్పుడల్లా డోలు వాయించి వెళ్లిపోతాడు. నాకు ఒళ్లు మండింది. ఆ వయసు పిల్లవాడికి ఇంట్లో సవర, సంతలో తెలుగు, బడిలో ఒడియా. వాడి కష్టమూ అదే, నేర్పూ అదే. తెలుగు పాప బేరమాడలేక నీళ్లు నములుతుంటే మధ్యవర్తిగా నిలబడాల్సినవాడు వాడు! గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే బడిలో పనిచేస్తూ సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలో వాచకాలు రాశారు. ఆయన తిరిగిన వీధుల్లో కూర్చుని మనం వాణ్ణి డోలుకు కట్టేస్తే ఎట్లా?

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు టీవీ చూపించినప్పుడు ఒడియా కార్యక్రమాలకు కటక్‌లో, తెలుగువాటికి హైదరాబాద్‌లో కేంద్రాలు పెట్టారు. ఆ రెండు ఊళ్ల నడుమ బతికే పిల్లవాడి కోసం ఇప్పుడు నిన్ను రాయమన్నారు. చిన్న అవకాశం కాదు.

రాశాక పిల్లలకు చూపించు. సెసమీ స్ట్రీట్ పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ టీవీ పక్కన ఇంకో తెర పెట్టి, ఏడున్నర సెకన్లకోసారి దానిమీద చిత్రం మార్చుతూ, పిల్లల చూపు ఎప్పుడు పక్కకు పోతుందో గమనించేవాడు. బొమ్మల్నీ నిజం మనుషుల్నీ కలపవద్దని నిపుణులు చెప్పారు. 1969 జులైలో ప్రయోగ భాగాలు చూపిస్తే, మనుషులు మాత్రమే ఉన్న వీధి దృశ్యాల్లో పిల్లల చూపు జారిపోయింది. దాంతో నిపుణుల మాట పక్కనపెట్టి బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి బొమ్మను వీధిలోకి దించారు. నువ్వు కూడా అంగన్‌వాడీలో ఫోను పెట్టి, ఫోను వంక కాక పిల్లల కళ్ల వంక చూడు. కిటికీ బయట మేకలు మేస్తుంటే మరీ మంచిది, రెండో తెర ఖర్చు ఉండదు.

ముందు సంత ఘట్టం తిరగరాసి పంపు. సవర మాటలు ఊహించి రాయకు. ఆ కుప్పల దగ్గర కూర్చునేవాళ్ల చేతనే చెప్పించుకుని, వాళ్లకే మళ్లీ చదివి వినిపించు. అందుకు వాళ్లకివ్వాల్సిన డబ్బు సంగతి నిర్మాతతో ముందే తేల్చుకో. చిత్రీకరణ అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.