మూడో విడత దాకా ఆగనా, లాంగ్ టర్మ్‌లో చేరిపోనా?

పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని 2025 మే 4న వైద్య ప్రవేశ పరీక్ష నీట్ రాశాను. రాష్ట్ర కోటా కౌన్సెలింగ్‌లో రెండు విడతలు అయిపోయాయి, నాకు సీటు రాలేదు. వస్తుందని ఆశపడ్డ కాలేజీలో మా కేటగిరీ ఆఖరి ర్యాంకు నాకంటే మూడు వందలు ముందే ఆగిపోయింది. రోజుకు ఇరవైసార్లు ఫోన్లో యూనివర్సిటీ సైట్ తెరిచి చూస్తున్నాను. నాన్నేమో లాంగ్ టర్మ్ బ్యాచ్ నిండిపోతోంది, డబ్బు కట్టేద్దాం అంటున్నారు. పెద్దమ్మ పళ్ళ డాక్టరు కోర్సు బీడీఎస్‌లో చేర్చమంటోంది. సీటు సంగతి అడుగుతారని అమ్మ పెళ్ళిళ్ళకు వెళ్ళడం కూడా మానేసింది. కావాల్సిన కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి వెళ్తే నెట్ సెంటర్ అన్న, "పెద్ద కాలేజీలు పైన పెట్టకు, నీ ర్యాంకుకు రావు, వచ్చే సీటు కూడా పోతుంది" అని వరస మార్చేశాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నేనేం చేయాలి?
(పేరు రాయొద్దు, ఏలూరు జిల్లా)

జవాబు: ముందు ఆ ఆప్షన్ల సంగతి తేల్చుకుందాం తల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసింది అక్కడే. నెట్ సెంటర్ అబ్బాయి మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు కానీ అతను చెప్పింది పూర్తిగా తప్పు. సీట్ల కేటాయింపులో కంప్యూటర్ మెరిట్ లిస్టులో ఉన్నవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని తీసుకుంటుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ జాబితాలో మొదటి కాలేజీ చూస్తుంది, నీకు వర్తించే సీటు అక్కడ లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది, అలా కిందికి దిగుతూ ఎక్కడ దొరికితే అక్కడ నీ పేరు రాసి ఆగిపోతుంది. పైన పెట్టిన కాలేజీ రాలేదని నీ వంతు వెనక్కి పోదు, నీ ర్యాంకు తగ్గదు. కానీ నీకు అంతగా ఇష్టంలేని కాలేజీని పైన పెట్టావనుకో, అది దొరకగానే నీ జాబితా అక్కడితో సరి. దాని కింద నువ్వు రాసుకున్న మంచి కాలేజీలో సీటు ఖాళీగా ఉన్నా కంప్యూటర్ ఇక అటు చూడదు. ప్రతి ఏడాదీ ఈ పొరపాటుతోనే కొందరు పిల్లలు తమకు రావాల్సిన కాలేజీని పోగొట్టుకుంటారు, ఆ సంగతి తర్వాతి ఏడాది ఎవరో చెబితే గానీ వాళ్ళకి తెలియదు.

కాబట్టి మూడో విడతకు వెబ్ ఆప్షన్లు తెరిచినప్పుడు నువ్వూ నాన్నా కూర్చుని ఒక తెల్లకాగితం మీద నీకు నిజంగా ఏది ఎక్కువ కావాలో ఆ వరసలో రాయండి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ, గుంటూరు, కాకినాడ రంగరాయ, విజయవాడ సిద్ధార్థ, ఒంగోలు, శ్రీకాకుళం అన్నీ రాసుకో, వస్తాయా రావా అని లెక్క వేయకు. 2023లో మొదలైన మీ ఏలూరు, మచిలీపట్నం, రాజమహేంద్రవరం, విజయనగరం కాలేజీలూ రాసుకో. అయితే ఆ కొత్త కాలేజీల్లో తక్కువ ఫీజుండే కన్వీనర్ సీట్లతో పాటు ఎక్కువ ఫీజుతో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు కూడా పెట్టారు కాబట్టి నువ్వు పెడుతున్న ఆప్షన్ దేని కిందికి వస్తుందో చూసి మరీ పెట్టు. కొత్త కాలేజీ అని చిన్నచూపు వద్దు. పక్కనున్న ఆసుపత్రిలో రోజూ ఓపీకి ఎంతమంది వస్తున్నారు, కాన్పులు ఎన్ని అవుతున్నాయి అని అడిగి తెలుసుకో, ఎందుకంటే నీకు వైద్యం నేర్పేది ఎక్కువ భాగం ఆ రోగులే. ఆ తర్వాత ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ సీట్లు. మీ ఇల్లు భరించలేని ఫీజున్న సీటు మాత్రం జాబితాలో అసలు పెట్టకు, వచ్చాక చేరకపోతే తర్వాతి విడతలకు అర్హత పోయే ప్రమాదం ఉంది. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకు, ఆప్షన్లు నీ చేత్తోనే పెట్టి ప్రింట్ తీసి దగ్గర ఉంచుకో.

ఇక ఆ మూడు వందల ర్యాంకుల దూరం. జాబితా ఎలా కదులుతుందో చెబుతాను, అప్పుడు నీకే అర్థమవుతుంది. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటా, వాటిని ఢిల్లీలోని ఎంసీసీ (కేంద్ర కౌన్సెలింగ్ కమిటీ) నింపుతుంది, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ లాంటి చోట్ల సీట్లన్నీ వాళ్ళవే. మిగతా 85 శాతం మన విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేతిలో ఉంటాయి. గుంటూరులో సీటున్న అబ్బాయికి ఎంసీసీ తర్వాతి రౌండ్లో ఎయిమ్స్ వచ్చి వెళ్ళిపోతే, గుంటూరు సీటులోకి కాకినాడ అమ్మాయి వస్తుంది, కాకినాడలోకి ఒంగోలు వాళ్ళు, ఒంగోలులోకి ప్రైవేటులో చేరినవాళ్ళు. పైన ఒక్కరు కదిలితే కింద నలుగురు కదులుతారు, ఆ నాలుగో చోటే నీలాంటి వాళ్ళకు దొరికేది. కౌన్సెలింగ్ మధ్యలో ఏదైనా కాలేజీకి కొత్త సీట్లు మంజూరైతే అవి కూడా కలుస్తాయి. అందుకే మూడు వందలు అనేది ఆశ వదులుకునే దూరం కాదు, వచ్చేసిందని సంబరపడే దూరమూ కాదు. నీ కేటగిరీలో, మీ జిల్లా స్థానిక కోటా కిందికి వచ్చే ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో, గత ఏడాది రెండో విడత ఆఖరి ర్యాంకుకీ మూడో విడత ఆఖరి ర్యాంకుకీ తేడా ఎంతో యూనివర్సిటీ పెట్టిన కేటాయింపు జాబితాల్లో చూసుకో. ఆ తేడా నీకు చుట్టాలందరూ చెప్పే మాటలకంటే ఎక్కువ చెబుతుంది.

కానీ మార్కులతో మాత్రం పోల్చుకోకు. "పోయినేడు ఇన్ని మార్కులకు మా వాడికి వచ్చింది" అని ఎవరైనా అంటే విని ఊరుకో. 2024లో సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి, 2025లో ఫిజిక్స్ అంత కష్టంగా ఇచ్చారు కాబట్టి మొదటి ర్యాంకుకే 686. రెండేళ్ళ మార్కులకు పొంతనే లేదు. రాష్ట్ర మెరిట్ లిస్టులో నీ ర్యాంకు, అదే నీ లెక్క. ఇంకొక మాట కూడా చాలామంది అంటూ ఉంటారు, ఆలిండియా కోటాలో మిగిలిన సీట్లు చివర్లో రాష్ట్రానికి వెనక్కి వస్తాయని. 2021 నుంచి ఆ పద్ధతి లేదు. దానిమీద ఆశ పెట్టుకుని ఎదురు చూడకండి.

మరి లాంగ్ టర్మ్? నాన్నగారికి చెప్పు, తొందర వద్దని. ఆ బ్యాచ్ నిండితే ఇంకో బ్యాచ్ తెరుస్తారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రెండోసారి లాంగ్ టర్మ్ అనేది ఇంట్లోవాళ్ళు తీసుకునే నిర్ణయం కాదు, నువ్వు తీసుకునేది. ఈ ఏడాది పేపరు మళ్ళీ ముందు పెట్టుకో. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, ఎవరూ పిలవకుండా తలుపు వేసుకుని రాయి. ఎక్కడ మార్కులు పోయాయో చూడు. తెలియక వదిలేసినవి ఎన్ని, తెలిసీ తొందరలో తప్పు పెట్టినవి ఎన్ని, ఊహించి పెట్టి నెగెటివ్ తెచ్చుకున్నవి ఎన్ని? తప్పు పెడితే రావాల్సిన నాలుగు పోయి పైగా ఒకటి కోత పడుతుంది, అంటే ఒక్క ప్రశ్నకు ఐదు మార్కుల తేడా. పోయినవి ఎక్కువగా తొందరవల్లే అయితే, మొదటిసారికీ ఈసారికీ నీ ర్యాంకు బాగా మెరుగైతే, నీకు ఇంకా చదవాలని ఉంటే ఇంకో ఏడాది పెట్టడంలో తప్పు లేదు. అలా కాకుండా పుస్తకం చూస్తేనే కడుపులో తిప్పుతోందంటే ఆ డబ్బు కట్టొద్దు, నాన్నగారికి ఈ జవాబు చూపించు.

బీడీఎస్ గురించి పెద్దమ్మ చెప్పింది చెడ్డ మాట కాదు, పళ్ళ డాక్టరు కావడం నీకు ఇష్టమైతే. ఇష్టం లేకుండా "డాక్టరే కదా" అని చేరి రెండో ఏడాదిలో ఏడ్చే పిల్లల్ని నేను చూశాను. చేరాలనుకుంటే మాత్రం ముందు నోటిఫికేషన్ అక్షరం అక్షరం చదువు: అక్కడ చేరాక ఎంబీబీఎస్ తర్వాతి విడతలో పాల్గొనవచ్చా, వస్తే ఏ తేదీలోపు వదిలేయాలి, ఎంత కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒరిజినల్ సర్టిఫికెట్లు. నా దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి ఎదురుచూపులు ఎందుకులే అని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరింది, చివరి విడతలో ఎంబీబీఎస్ వచ్చింది, రిపోర్టు చేయడానికి ఉన్నది రెండు రోజులు. మూడేళ్ళ ఫీజు కడితేనే టీసీ ఇస్తామని ఆ కాలేజీవాళ్ళు కూర్చోబెట్టారు. వాళ్ళ నాన్న ఆ రాత్రి పొలం కాగితాలు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నువ్వు ఎక్కడ చేరినా ఒరిజినల్స్ ఎప్పుడు, ఎలా తిరిగి ఇస్తారో చేరకముందే రాతపూర్వకంగా అడుగు.

నేనూ ఇలాగే ఎదురు చూశానమ్మా. ఎంసెట్ రోజులవి, కౌన్సెలింగ్‌కి మనిషే విజయవాడ వెళ్ళాలి. నాన్న పంచె మడతలో డీడీ పెట్టుకుని ప్యాసింజర్ రైల్లో నన్ను తీసుకెళ్ళారు, పొద్దున్నుంచి చెట్టు కింద కూర్చున్నాం, నా ర్యాంకు పిలిచేలోపు సీట్లు అయిపోయాయి. తిరుగు రైల్లో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు, ఇంటికి వెళ్ళాక మాత్రం అమ్మతో "బిడ్డకి అన్నం పెట్టు" అన్నారు. మరుసటి ఏడాది వచ్చింది. ఆ ఏడాదంతా నన్ను నిలబెట్టింది నాన్న ఆ రోజు నన్ను ఏమీ అడగకపోవడమే. మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు, పెళ్ళిళ్ళకు వెళ్ళమను, ఎవరైనా అడిగితే "ఇంకా విడతలు ఉన్నాయండీ" అని చెప్పి భోజనానికి లేవమను.

సైట్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు, చాలు.  నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటినా, బతుకే వద్దనిపించే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా అబ్బాయి నీట్‌లో క్వాలిఫై అయ్యాడు. తెలిసినాయన ఒకరు, యాజమాన్య కోటాలో సీటు బ్లాక్ చేయిస్తా, ముందు ఐదు లక్షలు ఇవ్వమంటున్నాడు. ఇవ్వొచ్చా?
(ఒక తండ్రి, నల్గొండ జిల్లా)

జవాబు: ఇవ్వకండి. ఒక్క రూపాయి కూడా. మీ దగ్గర ప్రైవేటు కాలేజీల్లో యాజమాన్య కోటా సీట్లు కూడా వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇచ్చి, నీట్ మెరిట్ ప్రకారం, వెబ్ ఆప్షన్లతోనే నింపుతుంది. బ్లాక్ చేసి పెట్టడానికి ఆయన చేతిలో సీటు ఉండదు. మీ అబ్బాయికి మెరిట్‌లో వచ్చేదే వస్తే "నేనే ఇప్పించా" అంటాడు, రాకపోతే ఫోన్ ఎత్తడు. ఇంకొకటి, క్వాలిఫై అన్న మాట చూసి మోసపోకండి. 2025లో దేశం మొత్తం మీద 12 లక్షల 36 వేల మంది క్వాలిఫై అయ్యారు, ఎంబీబీఎస్ సీట్లు దాదాపు అందులో పదో వంతు. జనరల్ వాళ్ళకు 144 మార్కులొస్తే అర్హత వచ్చేసింది. అది కౌన్సెలింగ్‌లోకి రావడానికి తలుపు మాత్రమే. ఇప్పటికే కొంత ఇచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా, ఫోన్ పే రసీదులు, మెసేజ్‌లు అన్నీ దాచిపెట్టి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. తెలిసినాయన కదా అని మొహమాటపడకండి, అది మీ పిల్లవాడి చదువు డబ్బు.

ప్రశ్న: మేడమ్, ఇక్కడ సీటు కోసం ఎదురు చూసి విసిగిపోయాను. ఫ్రెండ్స్ జార్జియా, కిర్గిజ్‌స్థాన్ వెళ్తున్నారు. నన్నూ రమ్మంటున్నారు. వెళ్ళనా?
(ఒక విద్యార్థి, హిందూపురం)

జవాబు: విసుగుతో మాత్రం వెళ్ళకు నాన్నా. తెలుసుకుని వెళ్తే అది వేరే సంగతి. నీ నీట్ అర్హత విదేశీ చదువుకి మూడేళ్ళు పనికొస్తుంది, కాబట్టి ఈ నెలే విమానం ఎక్కాలన్న తొందర లేదు. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021లో పెట్టిన నిబంధనల ప్రకారం అక్కడ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, చదువు ఇంగ్లీషులో సాగాలి, అదే యూనివర్సిటీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో అక్కడివాళ్ళతో సమానంగా ప్రాక్టీసు చేసే లైసెన్సుకి అర్హత రావాలి. వీటిలో ఒకటి తగ్గినా నీ డిగ్రీ ఇక్కడ చెల్లదు. కన్సల్టెన్సీవాళ్ళు చూపించే రంగుల బ్రోచర్‌లో ఈ నాలుగూ ఉండవు, నువ్వే అడగాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా తిరిగొచ్చాక విదేశాల్లో వైద్యం చదివినవాళ్ళకు ఇక్కడ పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత ఇక్కడ మళ్ళీ ఏడాది ఇంటర్న్‌షిప్. 2024 జూన్‌లో ఆ పరీక్ష రాసినవాళ్ళలో పాసైంది వందకు ఇరవై ఒక్క మంది చుట్టూ. మిగతావాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు, చాలామందికి అక్కడి భాష రాక వార్డుల్లో రోగితో మాట్లాడే అవకాశమే దొరకలేదు. నువ్వు వెళ్తే మొదటి రోజు నుంచే ఆ భాష నేర్చుకోవాలి, మొదటి ఏడాది నుంచే ఇక్కడి పుస్తకాలు చదవాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ నుంచి సగం చదువుతో వెనక్కొచ్చిన మన పిల్లల్ని కూడా ఒకసారి గుర్తు చేసుకో, ఆ దేశం పరిస్థితి ఏమిటో అప్పటి వార్తలు చూసుకుని కదలాలి.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. అదే యూనివర్సిటీలో చదివి వచ్చి ఎఫ్‌ఎంజీఈ పాసైనవాళ్ళని ఇద్దరిని, పాస్ కానివాళ్ళని ఇద్దరిని వెతికి పట్టుకో. కన్సల్టెన్సీ ఇచ్చిన నంబర్లు వద్దు, నువ్వు వెతుక్కున్నవాళ్ళు కావాలి. మొత్తం ఎంత ఖర్చయింది, హాస్టల్లో తిండి ఎలా ఉంది, వార్డులోకి ఎన్నాళ్ళకు రానిచ్చారు, తిరిగొచ్చాక ఎన్నేళ్ళు ఖాళీగా ఉన్నారు, ఇవి అడుగు. వాళ్ళు చెప్పినవన్నీ కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టు. బ్యాంకు అప్పు కాగితాల మీద సంతకం ఆ తర్వాతే.